విదేశీ బడిలో కొలువు: దుబాయ్, మాల్దీవులు, అమెరికా, ఇంగ్లండ్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది?

బీఈడీ పూర్తి చేసి, టెట్ గట్టెక్కి, డీఎస్సీ ప్రకటన కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటున్న ఉపాధ్యాయుల ఫోన్లకు "గణితం, ఫిజిక్స్ టీచర్లు కావలెను, విదేశాల్లో ఉద్యోగం" అన్న ప్రకటనలు తరచుగా వస్తుంటాయి. అందులోని జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడంతోనే చాలామందికి సగం నిర్ణయం అయిపోతుంది. తీరా వెళ్లాక భార్యకో భర్తకో పని దొరకదని, పిల్లల చదువుకే జీతంలో పెద్ద భాగం పోతుందని, ఒప్పందం ముగిసిన రోజున ఆ దేశంలో నిలబడే హక్కు ఉండదని ఒక్కొక్కటిగా తెలిసివస్తుంది. అందుకే ఎన్నేళ్ల కోసం వెళ్తున్నారు, ఎవరితో కలిసి వెళ్తున్నారు అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకున్న తరువాతే దేశం పేరు ఎత్తాలని నా అభిప్రాయం. ఈ వ్యాసం ముఖ్యంగా హైస్కూలు స్థాయిలో గణితం, సైన్సు, ఇంగ్లీషు చెప్పే బీఈడీ ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకుని రాసినది.

## పోల్చడానికి ముందు

మొదట చూడవలసింది మన చదువుకు అక్కడ ఉన్న గుర్తింపు. మన బీఈడీని ఒక దేశం నేరుగా ఒప్పుకుంటుంది, మరొక దేశం సబ్జెక్టును బట్టి ఒప్పుకుంటుంది. రెండవది, ఇంటి అద్దె, పన్ను, బీమా, ప్రయాణం పోగా నెలాఖరుకు మిగిలేది, ఆ మిగిలిన దానిని ఇంటికి పంపగలిగే వీలు. ఈ రెండూ ఒకటేనని అనుకోకూడదన్న సంగతి మాల్దీవుల దగ్గర తెలుస్తుంది. మూడవది కుటుంబం. జీవిత భాగస్వామికి వీసా వస్తుందా, వచ్చినా పనిచేసే అనుమతి ఉంటుందా, పిల్లల చదువు ఉచితమా లేక జీతంలోంచి కట్టవలసిందా అన్నవి విడివిడిగా అడగాలి. నాలుగవది తరగతి గది, అంటే పాఠ్యప్రణాళిక, పిల్లల తీరు, పాఠం చెప్పడంతో పాటు మన మీద పడే పని. చివరిది ఒప్పందం ముగిసే రోజు. ఏజెంట్ల ప్రకటనల్లో ఇది కనిపించదు కనుక ఎక్కువ జాగ్రత్త అవసరమైనది కూడా ఇదే.

| చూడవలసినది | యూఏఈ (సీబీఎస్‌ఈ బడులు) | మాల్దీవులు | అమెరికా (జె-1 వీసా) | ఇంగ్లండ్ |
|---|---|---|---|---|
| అర్హత | డిగ్రీ, బీఈడీ, అటెస్టేషన్ (సర్టిఫికెట్లపై అధికారిక ముద్రలు) | డిగ్రీ, బోధనార్హత | డిగ్రీ, కనీసం 2 ఏళ్ల అనుభవం | డిగ్రీ, బీఈడీ. గణితం, సైన్సు, భాషలకు మాత్రమే సులువు |
| ఆదాయపు పన్ను | లేదు | మామూలు టీచరు జీతంపై ఉండదు | ఉంటుంది | ఉంటుంది |
| భాగస్వామికి పని | పర్మిట్‌తో వీలు | ఆశ తక్కువ | జె-2 (కుటుంబ సభ్యుల) వీసాపై అనుమతి కోరవచ్చు | అనుమతి ఉంటుంది |
| పిల్లల చదువు | ఫీజు కట్టాలి; బడి రాయితీ ఇవ్వవచ్చు | దీవిని బట్టి | ప్రభుత్వ బడిలో ఉచితం | ప్రభుత్వ బడిలో ఉచితం |
| గడువు | ఒప్పందం కొనసాగినంతకాలం | ఒప్పందం కొనసాగినంతకాలం | 3 ఏళ్లు, పొడిగిస్తే 5 | స్థిరనివాసానికి దారి ఉంది |

## యూఏఈ: తెలిసిన పుస్తకాలు, ఇరుకైన జీతం

కొత్తగా వెళ్లేవారికి తరగతి గదిలో అతి తక్కువ తడబాటు కలిగేది ఇక్కడే. దుబాయ్, షార్జా, అబుదాబిలలోని సీబీఎస్‌ఈ బడుల్లో ఏప్రిల్‌లో చదువు మొదలై మార్చిలో ముగుస్తుంది, బోర్డు పరీక్షలు మన పిల్లలు రాసేవే. విజయవాడలోనో హైదరాబాదులోనో సీబీఎస్‌ఈ బడిలో పనిచేసిన వ్యక్తి మొదటి వారం నుంచే ధైర్యంగా పాఠం చెప్పగలరు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం మలయాళం ఎక్కువగా వినిపిస్తుంది. గల్ఫ్‌కు మన ప్రాంతాల నుంచి ఎక్కువగా వెళ్లింది భవన నిర్మాణ కార్మికులు, ఇంటిపని చేసే మహిళలు, డ్రైవర్లు. బడుల్లోకి తొలితరంలో వెళ్లి నిలదొక్కుకున్నది కేరళవారు. ఉద్యోగాల కబురు నోటిమాటగా తిరిగే చోట ఈ తేడాకు విలువ ఉంటుంది.

ఆదాయపు పన్ను లేదన్న మాట నిజమే. అయితే భారతీయ బడులు తక్కువ ఫీజులతో నడుస్తాయి కనుక, అదే నగరంలో బ్రిటిష్ పాఠ్యప్రణాళిక నడిపే బడుల్లో ఇచ్చే జీతానికి ఇక్కడి జీతం దరిదాపుల్లో ఉండదు. వసతి బడి ఇస్తుందా, డబ్బుగా ఇస్తుందా, అసలు ఇవ్వదా అన్నదాని మీదే మిగులు ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే దుబాయ్‌లో అద్దెను ఏడాదికి కొన్ని చెక్కులుగా ముందే రాసి ఇచ్చే పద్ధతి ఉంది, కొత్తగా దిగినవారికి ఆ మొదటి చెక్కే పెద్ద భారం.

గ్రాట్యుటీ విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. కనీసం ఏడాది పనిచేసిన వారికి మొదటి ఐదేళ్లలో ఒక్కో ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపై ఒక్కో ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం చట్ట ప్రకారం రావాలి. బేసిక్ 3,000 దిర్హమ్‌లు ఉన్న వ్యక్తికి రోజుకు 100 చొప్పున ఐదేళ్లకు వచ్చేది 10,500 దిర్హమ్‌లు. మొత్తం జీతం అంతే ఉంచి, బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచిన ఒప్పందంలో ఈ మొత్తం ఆ మేరకు కరిగిపోతుంది. సంతకానికి ముందు మొత్తం జీతాన్ని చూసి మురిసిపోకుండా బేసిక్ గడిలో ఎంత రాశారో చూడడం అందుకే అవసరం.

కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే జీతం కనీసం 4,000 దిర్హమ్‌లు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. ఇద్దరు పిల్లలుంటే వారి ఫీజులో బడి ఎంత రాయితీ ఇస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. కొన్నిచోట్ల ఆ రాయితీయే అసలు జీతం పెంపు. భర్త ఉద్యోగరీత్యా ఇప్పటికే అక్కడ ఉన్న మహిళల పరిస్థితి వేరు. భర్త వీసా మీద ఉన్న టీచరుకు వీసా ఖర్చు, వసతి ఇవ్వనక్కరలేదు కాబట్టి బడులు సంతోషంగా తీసుకుంటాయి, అదే కారణంగా జీతం తగ్గించి ఇవ్వజూస్తాయి. రెండో జీతంగా అది బాగానే ఉంటుంది. ఒక్క జీతంతో ఇల్లు నడపాలనుకునేవారు ఆ అంకెతో తమను పోల్చుకోకూడదు.

పక్కనే ఉన్న సౌదీలోనూ పన్ను లేదు, కానీ వెంట తెచ్చుకున్న ప్రతి కుటుంబ సభ్యుడికీ నెలకు 400 రియాళ్ల రుసుము 2020 నుంచి అమల్లో ఉంది. నలుగురి కుటుంబానికి అది పన్నుతో సమానం.

## మాల్దీవులు: ప్రశాంతత ఉంది, డాలర్లు లేవు

మాల్దీవుల ప్రభుత్వ బడుల్లో భారతీయ ఉపాధ్యాయులు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. తరగతులు మన లెక్కలో చాలా చిన్నవి, పై తరగతుల్లో కేంబ్రిడ్జి పద్ధతి పరీక్షలు, బోధన ఇంగ్లీషులో. ఒక్కో తరగతికి అరవైమంది పిల్లలతో గొంతు చించుకున్న వారికి ఇది విశ్రాంతిలా అనిపించడం సహజం. ఖాళీ సమయం ఎక్కువ కనుక పైచదువులకు, పోటీ పరీక్షలకు చదువుకునేవారికి అనుకూలం కూడా.

చిక్కు డబ్బు పంపడంలో ఉంది. అక్కడి రుఫియా డాలరుకు 15.42 దగ్గర కట్టి ఉన్నా, దేశంలో డాలర్ల కొరత తీవ్రంగా ఉండడంతో విదేశీ ఉద్యోగులు బ్యాంకు ద్వారా ఇంటికి పంపగల మొత్తంపై పరిమితులు పెట్టారు. జీతంలో సగానికి పైగా మిగిలినా అది రుఫియాలుగా అక్కడే నిలిచిపోతే ఇక్కడి బ్యాంకు అప్పు తీరదు. బయటి మార్కెట్టులో డాలర్లు కొనుక్కుంటే అధికారిక ధరకన్నా ఎక్కువ పెట్టాలి. కాబట్టి జీతం ఎంత అన్న ప్రశ్నకన్నా ముందు అది ఏ కరెన్సీలో చేతికి వస్తుందో, నెలకు ఎంత పంపవచ్చో, ప్రస్తుతం అక్కడ పనిచేస్తున్న వారిని అడిగి తెలుసుకోవాలి.

రాజధాని మాలేకు, దూరపు దీవికి మధ్య తేడా హైదరాబాదుకు, ఏజెన్సీ గూడేనికి మధ్య తేడా లాంటిది. చేపలు పుష్కలం, కూరగాయలు పడవ మీద రావలసిందే. శాకాహారులు ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. పెద్ద జబ్బు చేస్తే స్పీడ్‌బోటులోనో విమానంలోనో మాలేకు చేరాలి. ఇస్లాం తప్ప ఇతర మతాల బహిరంగ ఆచరణకు అక్కడ అనుమతి లేదు, పూజా విగ్రహాలను దేశంలోకి తీసుకురావడం నిషేధం. పెట్టెలో చిన్న వినాయకుడిని పెట్టి పంపే అమ్మలకు ఈ సంగతి ముందే చెప్పాలి. కుటుంబంతో స్థిరపడే చోటుగా దీనిని నేను ఎవరికీ సూచించను. ఒంటరిగా రెండేళ్లు గడపగలిగిన వారికే ఇది సరిపోతుంది.

## అమెరికా: జీతం పెద్దది, గడియారం తిరుగుతూనే ఉంటుంది

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద బడి ఉద్యోగం అనే ఆశకు 2025 సెప్టెంబరు పెద్ద దెబ్బ కొట్టింది. బయటి దేశం నుంచి కొత్తగా తీసుకునేవారి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చిన తరువాత, ఏ స్కూల్ డిస్ట్రిక్టూ (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఒక గణితం టీచరు కోసం అంత సొమ్ము కట్టడం ఊహించలేము. ఇక మిగిలింది ప్రధానంగా జె-1, అంటే ఉపాధ్యాయ వినిమయ వీసా. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, ఆరిజోనా, న్యూ మెక్సికో వంటి రాష్ట్రాల్లో స్థానికంగా టీచర్లు దొరకని డిస్ట్రిక్టులు ఈ దారిన విదేశీయులను తీసుకుంటున్నాయి. దొరకకపోవడానికి కారణాలు ఉంటాయి: మారుమూల ఊరు, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడి, లేదా స్పెషల్ ఎడ్యుకేషన్ తరగతి. ఇంటర్వ్యూలో ఏ తరగతి ఇస్తారో తేల్చుకోకుండా ఒప్పుకున్నవారికి అక్కడికి వెళ్లాక ఆశ్చర్యం తప్పదు.

జీతం విషయంలో అమెరికాలో ఒక మంచి పద్ధతి ఉంది. చాలా డిస్ట్రిక్టులు తమ టీచర్ల జీతాల పట్టికను బహిరంగంగా పెడతాయి. అనుభవం ఎన్నేళ్లయితే ఏ మెట్టు, మాస్టర్స్ ఉంటే ఎంత అదనం అన్నది ఎవరైనా చూడవచ్చు. మన దేశపు అనుభవాన్ని ఎన్నేళ్లుగా లెక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి. ఆ అంకెలోంచి పన్ను, ఆరోగ్య బీమా, జె-1 పత్రాలు ఇచ్చే స్పాన్సర్ సంస్థ రుసుము, కారు పోతాయి. కారు అక్కడ విలాసం అనుకోవద్దు. బస్సు లేని ఊళ్లో ఉదయం ఏడున్నరకు బడిలో ఉండాలంటే అది తప్పదు, అప్పు చరిత్ర లేని కొత్తవారికి అది చౌకగా దొరకదు. స్పాన్సర్ రుసుమును కొన్ని సంస్థలు డిస్ట్రిక్టు నుంచి, కొన్ని టీచరు నుంచి వసూలు చేస్తాయి; వేల డాలర్ల తేడా ఇక్కడే వస్తుంది.

తరగతి గదిలో మన వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది సబ్జెక్టు దగ్గర కాదు. టీచరు రాగానే లేచి నిలబడే పిల్లలకు అలవాటుపడిన వ్యక్తి, ఎదురు ప్రశ్నలు వేసే, కొన్నిసార్లు మాట వినని పదమూడేళ్ల పిల్లల ముందు నిలబడి, గొంతు పెంచకుండా, చేయి ఎత్తకుండా, తల్లిదండ్రులకు ఇ-మెయిల్ రాస్తూ తరగతిని నడపాలి. మొదటి ఆరు నెలలు కష్టమేనని ముందే మనసు గట్టి చేసుకుని వెళ్లినవారే నిలుస్తారు.

గడువు మూడేళ్లు, డిస్ట్రిక్టు, స్పాన్సర్ కోరితే ఒకటి లేదా రెండేళ్లు పొడిగిస్తారు. భాగస్వామి జె-2 మీద పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు, పిల్లలు ప్రభుత్వ బడిలో ఉచితంగా చదువుతారు. జె-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు చాలామంది భారతీయులకు ఉండేది. అందుకు ఆధారమైన నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరు 9న భారతదేశాన్ని తొలగించారు. అంతమాత్రాన అక్కడ ఉండిపోయే హక్కు వచ్చినట్టు కాదు. షరతు పోయింది, దారి మాత్రం ఏర్పడలేదు. మళ్లీ టీచరుగా జె-1 మీదే వెళ్లాలంటే రెండేళ్లు అమెరికా బయట గడపాలన్న నియమం అలాగే ఉంది. పిల్లవాడు ఆరో తరగతిలో వెళ్లి పదో తరగతి నాటికి తిరిగివస్తే వాడి చదువు ఏమవుతుందో వెళ్లక ముందే ఆలోచించాలి.

## ఇంగ్లండ్: నిలబడే వీలు, ముందే పెద్ద ఖర్చు

2023 ఫిబ్రవరి నుంచి భారతదేశంలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఇంగ్లండ్ ప్రభుత్వం ఇచ్చే అర్హత హోదా, క్యూటీఎస్, కోసం నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము లేదు. మన దేశం నుంచి గణితం, సైన్సు, భాషలు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పేవారికే ఇది వర్తిస్తుంది. భాషలంటే ఫ్రెంచి, స్పానిష్ వంటివి. కాబట్టి ఇంగ్లీషు, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులకు ఈ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే. ఉద్యోగాలను ప్రభుత్వమే నడిపే టీచింగ్ వేకెన్సీస్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. మధ్యలో ఏజెంటు అవసరం లేదు.

2025 సెప్టెంబరు నుంచి లండన్ బయట క్వాలిఫైడ్ టీచరు తొలి జీతం ఏడాదికి 32,916 పౌండ్లు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ వాటా పోగా నెలకు సుమారు 2,100 పౌండ్లు చేతికి వస్తాయి. ఒక్కరికి సరిపోతుంది, నలుగురికి ఒక్క జీతంతో చాలా ఇరుకు. భాగస్వామికి పనిచేసే హక్కు ఉండడమే ఇక్కడి లెక్కను నిలబెడుతుంది. అయితే బయలుదేరే ముందే ఆరోగ్య సర్‌చార్జీ కట్టాలి: పెద్దవారికి ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు మూడేళ్ల వీసాకు వెళ్తే అదొక్కటే 10,866 పౌండ్లు. వీసా రుసుములు వేరు. బడి ఈ ఖర్చు భరిస్తుందని అనుకోవద్దు. చాలామంది ముందు ఒక్కరే వెళ్లి, ఏడాది తరువాత కుటుంబాన్ని పిలిపించుకోవడానికి కారణం ఇదే.

ఇంతకాలం ఐదేళ్ల తరువాత స్థిరనివాసానికి దరఖాస్తు చేసుకునే వీలుండడం ఇంగ్లండ్‌కు పెద్ద ఆకర్షణ. ఆ గడువును సాధారణంగా పదేళ్లకు పెంచాలని అక్కడి ప్రభుత్వం 2025 మే నెలలో శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. ఇప్పుడు బయలుదేరేవారు పదేళ్లకు సిద్ధపడి లెక్క వేసుకోవడమే క్షేమం.

## ఈ పోలికలో చేర్చనివి

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు నేర్పే ఇ-2 వీసా ప్రధానంగా ఏడు ఆంగ్ల దేశాల పౌరులకే. భారతీయులకు రెండు దేశాల వాణిజ్య ఒప్పందం కింద సన్నని దారి ఒకటి ఉంది, దాని మీద ఆధారపడి ఉద్యోగం మానుకోకూడదు. తెలుగు పండితుల సంగతి చెప్పాలంటే కొంచెం బాధగానే ఉంటుంది. అమెరికాలో వేలమంది పిల్లలు మనబడి తరగతుల్లో తెలుగు నేర్చుకుంటున్నారు, కానీ అక్కడ నేర్పేది స్వచ్ఛంద సేవకులు. జీతంతో కూడిన తెలుగు ఉపాధ్యాయ ఉద్యోగం కోసం విదేశం వెళ్లమని నేను చెప్పలేను.

## ఎవరికి ఏది

పెళ్లికాని, పాతికేళ్లు దాటిన, రెండేళ్ల అనుభవం ఉన్న గణితం లేదా సైన్సు టీచరు ఇంగ్లండ్‌నే ముందు ప్రయత్నించాలి. జీతం అమెరికాకన్నా తక్కువే అయినా క్యూటీఎస్ చేతికి వస్తే అది ఒప్పందం ముగిసినా పోదు; గల్ఫ్‌లోని బ్రిటిష్ బడులు కూడా దానికి విలువ ఇస్తాయి. యూఏఈ భారతీయ బడిలో పదేళ్లు చేసినా దాటలేని జీతపు గోడను ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు చేసి వచ్చిన వ్యక్తి దాటగలరు. చుట్టుదారిలా కనిపించినా నాకు నచ్చిన దారి ఇదే.

నలభై ఏళ్లకు దగ్గరపడి, తీర్చవలసిన అప్పు ఉండి, పిల్లలు ఇంకా ప్రాథమిక తరగతుల్లో ఉన్నవారికి జె-1 మంచిది. మూడు నుంచి ఐదేళ్లు అని ముందే తెలుసు, ఇద్దరూ పనిచేయవచ్చు, పిల్లలు ఉన్నత తరగతులకు రాకముందే తిరిగిరావచ్చు. పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే మాత్రం సిలబస్ మారని యూఏఈ మేలు. అక్కడ తొమ్మిది చదివిన పిల్లవాడు ఇక్కడ పదిలో చేరగలడు.

ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంటుగా ఉన్నవారు ఉద్యోగం వదులుకోవడం నాకు ఏ పరిస్థితిలోనూ సమ్మతం కాదు. జీతం లేని సెలవుకూ, విదేశీ ఉద్యోగానికీ శాఖ అనుమతి ముందుగా, రాతపూర్వకంగా తీసుకుని, ఆ సెలవు గడువులో ఇమిడే ఒప్పందాన్నే ఎంచుకోవాలి. అందుకు కాలపరిమితి ఉన్న జె-1 సరిపోతుంది. పదేళ్ల ఓపిక కోరే ఇంగ్లండ్ సరిపోదు.

## సంతకానికి ముందు

కాగితాల పని దేశం ఏదైనా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మన సర్టిఫికెట్లలో పదో తరగతి మెమో మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీ మీద పూర్తిగా, పాస్‌పోర్టు మీద మరోలా ఉండడం మామూలు. పెళ్లయిన మహిళలకు ఇది ఇంకా ఎక్కువ. దీనిని సరిదిద్దడానికి నెలలు పడుతుంది. అటెస్టేషన్‌కు ప్రొవిజనల్ చెల్లదు, ఒరిజినల్ డిగ్రీ పట్టా కావాలి. కాన్వొకేషన్ ఫీజు కట్టకుండా వదిలేసిన వారు విశ్వవిద్యాలయానికి ఒకసారి వెళ్లిరాక తప్పదు. యూఏఈకి రాష్ట్ర స్థాయి, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం అన్న వరుసలో ముద్రలు వేయించాలి.

ఏజెంటు ద్వారా గల్ఫ్ వెళ్లేవారు అతని పేరు మన విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. నమోదైన ఏజెంటు తీసుకోగల సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అక్కడితో ఆగిపోవాలి. జె-1 స్పాన్సర్ల జాబితా అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉంటుంది. ఇక ఏ బడినైనా చివరగా అడగవలసింది, ప్రస్తుతం అక్కడ పనిచేస్తున్న ఒక భారతీయ ఉపాధ్యాయుడితో ఫోనులో మాట్లాడే అవకాశం. మాట్లాడే వీలు దొరికితే జీతం ఏ తేదీన పడుతుందో, వారానికి ఎన్ని పీరియడ్లో, సబ్‌స్టిట్యూషన్లు ఎన్నో, కిందటి ఏడాది ఎంతమంది టీచర్లు మధ్యలో మానేశారో అడగండి. ఆ అవకాశం ఇవ్వడానికి బడి వెనుకాడితే మరో బడి చూసుకోండి.